పదిమంది వాడే కోడ్ లైబ్రరీలో ఫైలుకు పేరెలా పెట్టాలి

సొంత ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైలుకు ఏ పేరు పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. అదే ఫైలు ఓపెన్ సోర్స్ లైబ్రరీలోకి చేరిందంటే దాని పేరును మనుషులే కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ చదువుతుంది, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ చదువుతుంది, కంపైలర్, టెస్ట్ రన్నర్, ప్యాకేజీ కట్టే టూల్ కూడా చదువుతాయి. ఒక్కోదానికి ఒక్కో నియమం. వీటిలో ఏ ఒక్కదానికి ఆ పేరు మింగుడుపడకపోయినా లైబ్రరీ ఆగిపోతుంది. ఆగేది మన మెషీన్‌లో కాదు, దాన్ని నమ్మి దించుకున్న అవతలివాళ్ల మెషీన్‌లో. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో మొదటి పుల్ రిక్వెస్ట్ (మన మార్పును కలుపుకోమని లైబ్రరీవాళ్లను అడగడం) పంపేదానికి సిద్ధమవుతున్న పిల్లలకు కోడ్ ఎలా రాయాలో చెప్పేవాళ్లు దొరుకుతారు. పేర్ల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాటవరసకు ఒక లైబ్రరీ అనుకుందాం. రొయ్యల గుంటల్లో పెట్టిన సెన్సర్ల రీడింగులు తీసుకుని సెలినిటీ (నీటి ఉప్పదనం), పీహెచ్, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) లెక్కలు తేల్చే పైథాన్ లైబ్రరీ, పక్కనే కొంచెం సీ కోడ్. దాని పేరు ‘గుంట’. ఈ పోస్టులో ఫైలు పేర్లన్నీ తెలుగు లిపిలో ఉంటాయి. విడిగా చెప్పనంతవరకు అవి ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉన్నట్టే చదువుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసేది పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా. లినక్స్‌లో వాడే ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను దాచే పద్ధతి) ఈఎక్స్‌టీ4కు ‘గుంట.హెచ్’ మొదటి అక్షరం పెద్దదైతే ఒక ఫైలు, చిన్నదైతే వేరే ఫైలు. విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్ మామూలు సెట్టింగుల్లో రెండింటినీ ఒకటిగానే చూస్తాయి. మనం ఏ అక్షరాలతో పెట్టామో అలాగే దాస్తాయి గానీ, వెతికేటప్పుడు ఆ తేడా పట్టించుకోవు. విండోస్ ల్యాబులో కూర్చుని, డిస్కు మీద చిన్న అక్షరంతో ఉన్న హెడర్‌ను పెద్ద అక్షరంతో ఇంక్లూడ్ చేసినా కంపైల్ అవుతుంది. పుష్ చేశాక లినక్స్ మీద నడిచే సీఐ (ప్రతి మార్పునూ సర్వర్‌లో తనంతట తానే కట్టి పరీక్షించే ఏర్పాటు) అలాంటి ఫైలే లేదంటుంది. జావాస్క్రిప్ట్ ఇంపోర్టులకూ ఇదే గతి. పైథాన్ ఇక్కడ కాస్త నయం. విండోస్‌లో కూడా ఇంపోర్ట్ చేసే పేరు అక్షరాలు ఫైలు పేరుతో సరిపోయాయా అని తనే చూసుకుంటుంది, పెప్ (పైథాన్ వాళ్ల ప్రతిపాదన పత్రం) 235 నుంచి అదే పద్ధతి. కానీ ఓపెన్ ఫంక్షన్‌తో సీఎస్‌వీ తెరిచేటప్పుడు ఆ రక్షణ లేదు. కాబట్టి కోడ్ బాగానే నడిచి, డేటా ఫైలు దగ్గర కూలిపోయే లైబ్రరీలు పైథాన్‌లో కూడా ఉంటాయి.

ఒకే ఫోల్డర్లో అక్షరాల సైజు మాత్రమే తేడా ఉన్న రెండు ఫైళ్లు పెడితే సంగతి ఇంకా ముదురుతుంది. లినక్స్ కెర్నల్‌లోనే ఉంది చూడండి: నెట్‌ఫిల్టర్ భాగంలో ‘ఎక్స్‌టీ_మార్క్.హెచ్’ అనే హెడర్ పెద్ద అక్షరాలతో ఒకటి, చిన్న అక్షరాలతో ఒకటి. రెండూ వేరువేరు ఫైళ్లు. ఆ రిపోను (కోడ్, దాని చరిత్ర ఉండే గిట్ నిల్వను) విండోస్‌లో క్లోన్ చేస్తే, అంటే నకలు దించుకుంటే, డిస్కు మీద ఒక్కటే మిగులుతుంది, రెండోది మారిపోయిందని గిట్ స్టేటస్ చూపిస్తూనే ఉంటుంది. గిట్ 2.20 నుంచి క్లోన్ చేసేటప్పుడే ఈ దారులు ఢీకొన్నాయని హెచ్చరిక వస్తోంది, కానీ అది పరిష్కారం కాదు. ఆర్డుయినో వాళ్ల టైమ్ లైబ్రరీకి కూడా ఈ చిక్కే వచ్చింది. పెద్ద అక్షరంతో ఉన్న దాని ‘టైమ్.హెచ్’కూ, సీ భాష సొంత ‘టైమ్.హెచ్’కూ విండోస్‌లో తేడా తెలియక, చివరికి ‘టైమ్‌లిబ్.హెచ్’ అనే పేరు తెచ్చుకోవాల్సి వచ్చింది.

అందుకని కోడ్ ఫైళ్లన్నీ చిన్న అక్షరాల్లో పెట్టండి. పేరులో పెద్ద అక్షరం కావాలని భాషే అడిగినచోట తప్ప వేరే మాట లేదు. జావా అలా అడుగుతుంది: పబ్లిక్ క్లాసు పేరు, ఫైలు పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే కావాలి.

ఇప్పటికే తప్పు అక్షరంతో రిపోలోకి చేరిపోయిన ఫైలును సరిచేసేదానికి ఎక్స్‌ప్లోరర్‌లో రీనేమ్ చేస్తే చాలదు. విండోస్, మ్యాక్‌లలో గిట్ రిపో తయారయ్యేటప్పుడే కోర్.ఇగ్నోర్‌కేస్ అనే సెట్టింగ్ ట్రూ అయిపోతుంది కాబట్టి ఆ మార్పు గిట్ కంట పడదు. గిట్ ఎంవీ ఆదేశంతోనే మార్చాలి. ఫోల్డరయితే రెండు అడుగుల్లో వెళ్లండి: ముందు ఒక తాత్కాలిక పేరుకు గిట్ ఎంవీ, అక్కడినుంచి కావలసిన పేరుకు ఇంకో గిట్ ఎంవీ, ఆ తర్వాత కమిట్ (మార్పును గిట్ చరిత్రలో నమోదు చేయడం). చాలామంది ఆ సెట్టింగునే చేత్తో ఫాల్స్‌గా మార్చమని సలహా ఇస్తుంటారు. వినకండి. డిస్కు నిజంగా అక్షరాల తేడా చూడని రకమైనప్పుడు గిట్‌కు అబద్ధం చెప్పినట్టవుతుంది, ఒకే ఫైలు రెండు పేర్లతో ఇండెక్సులోకి (గిట్ ఉంచుకునే ఫైళ్ల జాబితాలోకి) ఎక్కే ప్రమాదముంది.

విండోస్ అసలు ఒప్పుకోని పేర్లు కొన్ని ఉన్నాయి. కాన్, పీఆర్‌ఎన్, ఆక్స్, నల్, కామ్1 నుంచి కామ్9, ఎల్‌పీటీ1 నుంచి ఎల్‌పీటీ9. పాత డాస్ కాలంలో పరికరాలకు కేటాయించినవి. వెనక ఎక్స్‌టెన్షన్ తగిలించినా కుదరదు, ‘ఆక్స్.సీ’ కూడా నిషిద్ధమే. లినక్స్ కెర్నల్‌లో నువో గ్రాఫిక్స్ డ్రైవర్ కింద సరిగ్గా ఆ పేరుతోనే ఫైలుంది. లినక్స్ మీద మాత్రమే కట్టే కోడ్ కాబట్టి వాళ్లకు నడిచింది, అందరికీ ఇచ్చే లైబ్రరీలో నడవదు. మన వైపు డేటా ప్రాజెక్టుల్లో నియోజకవర్గం అనేదాన్ని కుదించి ‘కాన్’ అని ఫోల్డర్ పెట్టాలనిపించడం సహజం. లినక్స్‌లో పెట్టేస్తారు, పుష్ అవుతుంది. విండోస్‌లో క్లోన్ చేసినవాళ్లకు ‘ఇన్‌వ్యాలిడ్ పాత్’ అని వచ్చి ఫైళ్లేవీ బయటికి రావు. ఆ ఒక్క ఫోల్డర్ కాదు, ఫైళ్లను డిస్కు మీదికి తెచ్చే చెక్‌అవుటే ఆగిపోతుంది.

రీడింగ్ తీసిన వేళను పేరులో పెట్టేటప్పుడు కోలన్ రానీయకండి. ‘10:30’ అనేది లినక్స్‌లో మామూలు పేరే, విండోస్‌లో చెల్లదు. ప్రశ్నార్థకం, నక్షత్రం, నిలువు గీత, డబుల్ కోట్ గుర్తు, యాంగిల్ బ్రాకెట్లు, బ్యాక్‌స్లాష్ కూడా అంతే. పేరు చివర చుక్క గానీ స్పేస్ గానీ ఉండకూడదు. మధ్యలో స్పేస్‌ను విండోస్ భరిస్తుంది గానీ కోడ్ కట్టే ఆదేశాలుండే మేక్‌ఫైల్ భరించదు, స్పేస్ దగ్గర పేరును రెండుగా కోసేస్తుంది. పొడవు సంగతి కూడా చూసుకోవాలి. విండోస్‌లో పాత పద్ధతి ప్రకారం మొత్తం దారి పొడవుకు హద్దు 260 అక్షరాలు. మీ రిపోలో దారి 120 ఉందనుకోండి, దించుకున్నవాళ్లు డెస్క్‌టాప్ మీద నాలుగు ఫోల్డర్ల లోపల పెట్టుకుంటే హద్దు దగ్గరపడుతుంది. కోర్.లాంగ్‌పాత్స్ ట్రూ చేసుకుంటే గిట్ వరకు గట్టెక్కుతుంది, మిగతా టూల్స్ గట్టెక్కుతాయని హామీ లేదు.

హైఫనా, అండర్‌స్కోరా అన్నది అభిరుచికి సంబంధించింది అనుకుంటారు. కాదు. పైథాన్ ఇంపోర్ట్‌లో హైఫన్ అంటే తీసివేత గుర్తు, ‘గుంట-రీడింగ్.పై’ని మామూలుగా ఇంపోర్ట్ చేయలేం. పెప్ 8 చెప్పేది కూడా ఇదే: మాడ్యూల్ పేర్లు పొట్టిగా, చిన్న అక్షరాల్లో ఉండాలి, చదివేదానికి వీలవుతుందనుకుంటే అండర్‌స్కోర్ వాడుకోవచ్చు. ప్యాకేజీ ఫోల్డర్ల పేర్లలో అండర్‌స్కోర్ కూడా వద్దంటుంది. అయితే పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐలో పెట్టే పేరు వేరే వ్యవహారం. అక్కడ హైఫన్, అండర్‌స్కోర్, చుక్క మూడూ ఒకటే, పెద్ద అక్షరాలు చిన్నవైపోతాయి. ‘గుంట-టూల్స్’ పేరు ఎవరైనా తీసుకుని ఉంటే ‘గుంట_టూల్స్’ మీకు దొరకదు. మళ్లీ వీల్ ఫైలు (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా కట్టిన ప్యాకేజీ) దగ్గరకు వచ్చేసరికి హైఫన్‌కు ఇంకో పని ఉంది: పేరు, వెర్షన్, పైథాన్ ట్యాగ్, ఏబీఐ ట్యాగ్, ప్లాట్‌ఫామ్ ట్యాగ్, వీటి మధ్య గోడ అదే. అందుకే బిల్డ్ టూల్ మీ ప్యాకేజీ పేరులోని హైఫన్‌ను తనే అండర్‌స్కోర్ చేసేస్తుంది. వీల్ ఫైలు పేరును చేత్తో మార్చారంటే ప్యాకేజీలు ఎక్కించే టూల్ పిప్ దాన్ని ఇన్‌స్టాల్ చేయననొచ్చు. రస్ట్‌లో ప్యాకేజీ పేరుకు హైఫన్ ఉండొచ్చు, కోడ్‌లో అది అండర్‌స్కోర్‌గా మారుతుంది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలుండే ఎన్‌పీఎమ్‌లో కొత్త ప్యాకేజీలకు చిన్న అక్షరాలే, పొడవు 214 దాటకూడదు.

గో భాషలో అండర్‌స్కోర్‌కు అర్థమే ఉంది, తెలియనివాళ్లు బాగా ఇబ్బంది పడేది ఇక్కడే. పేరు చివర ‘_లినక్స్’, ‘_విండోస్’ అని ఉంటే ఆ ఫైలు ఆ సిస్టమ్‌కు కట్టేటప్పుడే లెక్కలోకి వస్తుంది. ‘_టెస్ట్’ అని ఉంటే గో టెస్ట్ నడిపినప్పుడే. సెన్సర్ గ్రాఫులు గీసే కోడ్‌ను ‘చార్ట్_జేఎస్.గో’ అని పెట్టారనుకోండి. జేఎస్ అనేది గో దృష్టిలో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పేరు. లినక్స్‌లో ఆ ఫైలును కంపైలర్ చూడనే చూడదు, ఫైలులో తప్పుందని కూడా చెప్పదు. అందులోని ఫంక్షన్ ‘అన్‌డిఫైన్డ్’ అని వేరే ఫైలు దగ్గర ఎర్రర్ వస్తుంది. మీరు అక్కడ వెతుకుతూ ఉంటారు. ‘_ఆర్మ్’కు కూడా ఇంతే. గోలో అండర్‌స్కోర్ తర్వాత ఏం రాస్తున్నామో ఒకసారి ఆలోచించాకే రాయాలి.

పైథాన్ పరీక్షలు నడిపే పైటెస్ట్ కూడా పేరు చూసే పనిచేస్తుంది. మామూలుగా అది ఏరుకునేవి ‘టెస్ట్_’తో మొదలయ్యేవి, ‘_టెస్ట్’తో ముగిసేవి. ‘టెస్ట్స్_సెలినిటీ.పై’ అని ఒక్క ఎస్ ఎక్కువ పడితే ఆ ఫైలులోని పరీక్షలు ఎప్పటికీ నడవవు, సీఐ మాత్రం పచ్చగా వెలుగుతూ ఉంటుంది. ఎర్రర్ వచ్చే తప్పుకన్నా ఇది చెడ్డది. రెండు టెస్ట్ ఫోల్డర్లలో ఒకే పేరుతో ఫైళ్లుండి, ఆ ఫోల్డర్లలో ‘ఇనిట్’ ఫైలు (ఫోల్డర్‌ను పైథాన్ ప్యాకేజీగా చేసేది) లేకపోతే ‘ఇంపోర్ట్ ఫైల్ మిస్‌మ్యాచ్’ అని ఆగుతుంది. దానికి మందు పేర్లు వేరుగా పెట్టడమే: ‘టెస్ట్_సెలినిటీ_రీడ్’, ‘టెస్ట్_సెలినిటీ_కాలిబ్రేట్’.

సెన్సర్ ప్రాజెక్టుల్లో తరచూ కనపడే ఇంకో తప్పు ‘సీరియల్.పై’. యూఎస్‌బీ పోర్టు నుంచి రీడింగ్ తీసుకునేదానికి పైసీరియల్ కావాలి, దాన్ని ఇంపోర్ట్ చేసే పేరు ‘సీరియల్’. మీ స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌నే పైథాన్ ముందుగా వెతుకుతుంది కాబట్టి అసలు లైబ్రరీకి బదులు మీ ఫైలు ఇంపోర్ట్ అవుతుంది, ‘సీరియల్’లో ‘సీరియల్’ అనే క్లాసు లేదని వింత ఎర్రర్ చూపిస్తుంది. ర్యాండమ్, జేసన్, ఈమెయిల్, క్యాలెండర్ అని స్టాండర్డ్ లైబ్రరీ పేర్లు పెట్టినా ఇదే జరుగుతుంది. లైబ్రరీ రాసేవాళ్లు ఇంకో మెట్టు పైనుంచి ఆలోచించాలి. ‘యుటిల్స్.పై’ని ప్యాకేజీ ఫోల్డర్ బయట వదిలేస్తే అది వాడేవాళ్ల సైట్-ప్యాకేజెస్‌లో (ఇన్‌స్టాల్ చేసినవన్నీ చేరే ఫోల్డర్లో) నేరుగా పడుతుంది. ఇంకో లైబ్రరీ కూడా అలాగే వదిలితే ఒకటి రెండోదాన్ని తుడిచేస్తుంది. ‘టెస్ట్స్’ ఫోల్డర్‌ది కూడా ఇదే తీరు. అన్నీ ‘ఎస్‌ఆర్‌సీ’ కింద ‘గుంట’ ఫోల్డర్లో పెట్టండి, సీ హెడర్లను ‘ఇంక్లూడ్’ కింద మళ్లీ ‘గుంట’ అనే ఫోల్డర్లో పెట్టండి.

ఇక తెలుగు పేర్లు. తెలుగు లిపిలోనే ఫైలు పేరు పెట్టకూడదా అని మనవాళ్లు అడుగుతారు. అడగడం న్యాయమే. పెట్టొచ్చు, ఈనాటి సిస్టమ్‌లన్నీ ఒప్పుకుంటాయి. కానీ పంచుకునే లైబ్రరీలో నేను వద్దంటాను, కారణాలు ఇవీ. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య) ఒక్కోటి 3 బైట్లు. ‘నెల్లూరు’ కంటికి మూడు అక్షరాలు, లోపల 8 కోడ్‌పాయింట్లు, అంటే 24 బైట్లు. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు హద్దు 255 బైట్లు కాబట్టి 85 కోడ్‌పాయింట్ల దగ్గర ఆగిపోతాం. ఇది చిన్న సమస్య. పెద్దది ఐత్వం. ‘మైపాడు’ అనే పేరులో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే కోడ్‌పాయింట్‌గా, లేదా ఎత్వం, దానికింద ఐత్వపు గుర్తు విడివిడిగా. తెర మీద రెండూ ఒకేలా కనపడతాయి. మొదటిది 18 బైట్లు, రెండోది 21. లినక్స్‌కు అవి రెండు వేరు ఫైళ్లు. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను తనంతట తానే విడదీసి దాచేది. ఆ తంటా కోసమే గిట్‌లో కోర్.ప్రీకంపోజ్‌యూనికోడ్ అనే సెట్టింగ్ వచ్చింది. ఇది చాలదన్నట్టు, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య పొల్లు నిలబెట్టేదానికి కీబోర్డులు పెట్టే కంటికి కనపడని అక్షరం ఒకటుంది. ఒకరి కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. ఫైలు కళ్లెదుట ఉన్నా ‘దొరకలేదు’ అని వస్తుంది. పైగా గిట్ మామూలుగా తెలుగు పేర్లను \340\260 అంటూ అంకెల్లో చూపిస్తుంది. కోర్.కోట్‌పాత్‌ను ఫాల్స్ చేసుకుంటేగాని అక్షరాలు కనపడవు. తెలుగు పేరు ఫైలు లోపల ఉండాలి, సీఎస్‌వీలో ఒక కాలమ్‌గా, మనుషులు చదివే చోట. అక్కడ ఎంత తెలుగుంటే అంత మంచిది.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు స్పెల్లింగు గొడవ వస్తుంది. మైపాడును ఒకరు వైతో రాస్తారు, ఒకరు ఏఐతో. కందుకూరు చివర యూ పెట్టేవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు కొందరు. రిపోలో ఒక పేర్ల పట్టిక పెట్టి, ఊరికి ఒక్కటే స్పెల్లింగు అని రాసుకోండి. ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నదే తీసుకుంటే వాదన ఉండదు. కొత్త ఫైలు వస్తే ఆ పట్టికతో పోల్చే స్క్రిప్టు పదిహేను ఇరవై లైన్లకు మించదు.

ఊరి ఫైలును జిల్లా పేరుతో ఉన్న ఫోల్డర్లో పెట్టకండి. ఇది మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలవాళ్లకు బాగా అర్థమవుతుంది. కందుకూరు మొదట నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది, 1972లో ఆ జిల్లా పేరే ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ 4న మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. నెల్లూరు జిల్లా పేరు కూడా 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాగా మారింది. దారిలో జిల్లా పేరుంటే ప్రతి మార్పుకూ ఆ దారిని వాడుకున్న కోడ్ అంతా విరుగుతుంది. ఫైలు పేరు ఊరిదో మండలానిదో ఉండనివ్వండి. అది ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందన్నది విడిగా ఒక పట్టికలో రాయండి.

తేదీలు సంవత్సరం, నెల, రోజు వరసలో, 2024-03-05 లాగా. అంకెలకు ముందు సున్నాలు ఉండాలి, లేకపోతే 10 వచ్చి 2 కన్నా ముందు కూర్చుంటుంది. ‘ఫైనల్’, ‘న్యూ2’ లాంటి తోకలు వద్దు, పాత రూపం దాచేదానికి గిట్ ఉంది, విడుదలలకు ట్యాగులున్నాయి. రిపో ముఖద్వారంలో ఉండే రీడ్‌మీ, లైసెన్స్, కంట్రిబ్యూటింగ్ ఫైళ్లు మాత్రం ఆనవాయితీగా పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి. గిట్‌హబ్ వాటిని పేరు చూసే గుర్తుపడుతుంది కాబట్టి సొంత పేర్లు పెట్టకండి.

సీ భాగాన్ని షేర్డ్ లైబ్రరీగా (ప్రోగ్రాములు నడిచేటప్పుడు పంచుకునే ఫైలుగా) ఇస్తే ఒకే వస్తువుకు మూడు పేర్లుంటాయి. అసలు ఫైలు ‘లిబ్‌గుంట.ఎస్‌ఓ.1.4.2’. ప్రోగ్రాం నడిచేటప్పుడు వెతికేది సోనేమ్ ‘లిబ్‌గుంట.ఎస్‌ఓ.1’. కంపైల్ చేసేటప్పుడు లింకర్ చూసేది ‘లిబ్‌గుంట.ఎస్‌ఓ’. తర్వాతి రెండూ సింబాలిక్ లింకులు, అంటే వేరే ఫైలును చూపించే పేర్లు. ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు మార్చడం, స్ట్రక్చర్ సైజు మారడం లాంటివి చేసి, పాతగా కట్టిన ప్రోగ్రాములు నడవని పరిస్థితి తెస్తే సోనేమ్‌లోని 1ని 2 చేయాలి. చేయకపోతే పాత ప్రోగ్రాం కొత్త లైబ్రరీని ఎత్తుకుని మెమరీలో తప్పు చోట చదువుతుంది. అక్కడ వచ్చేది ఎర్రర్ సందేశం కాదు, తప్పుడు రీడింగ్. ఆ రీడింగ్ చూసి ఏరేటర్లు ఆపేసే రైతు ఉంటాడు.

విడుదలైన తర్వాత ఫైలు పేరు మార్చాలంటే ఓపిక కావాలి. పేరు మార్పు ఒక కమిట్, లోపలి మార్పులు ఇంకో కమిట్. గిట్ పేరు మార్పులను విడిగా రాసుకోదు, పాత కొత్త ఫైళ్ల పోలిక చూసి ఊహిస్తుంది. మామూలు హద్దు 50 శాతం. రెండూ ఒకే కమిట్‌లో కలిపి సగానికి పైగా మార్చేస్తే పాత చరిత్ర తెగిపోతుంది, లాగ్‌కు ఫాలో పెట్టినా వెనక్కి పోదు. పాత పేరుతో చిన్న ఫైలు ఒకటి ఉంచండి: కొత్తదాని నుంచి అన్నీ ఇంపోర్ట్ చేసి, హెచ్చరిక ఇచ్చేదానికి రెండు లైన్లు. పైథాన్‌లో డిప్రికేషన్‌వార్నింగ్ ఇస్తే అది నేరుగా నడిపిన స్క్రిప్టులోనూ, పైటెస్ట్ లాంటి టెస్ట్ రన్నర్లలోనూ తప్ప మామూలుగా కనపడదు. వాడేవాళ్లందరికీ కనపడాలంటే ఫ్యూచర్‌వార్నింగ్ ఇవ్వండి. ఆ పాత ఫైలును తీసేది తర్వాతి మేజర్ వెర్షన్‌లోనే, మధ్యలో కాదు.

ఇవన్నీ రివ్యూ చేసేవాళ్లు కళ్లతో పట్టుకోలేరు, మెషీనుకు అప్పగించండి. కమిట్‌కు ముందు తనంతట తానే నడిచే తనిఖీలైన ప్రీ-కమిట్ హుక్స్‌లో అక్షరాల ఢీ పట్టేది ఒకటి, విండోస్‌లో చెల్లని పేర్లు పట్టేది ఒకటి, టెస్టు ఫైళ్ల పేర్లు చూసేది ఒకటి సిద్ధంగా ఉన్నాయి. టెస్టు పేర్ల హుక్ మాత్రం మామూలుగా ‘_టెస్ట్’తో ముగిసేవే సరైనవంటుంది, ముందు ‘టెస్ట్_’ పెట్టేవాళ్లు దానికి పైటెస్ట్-టెస్ట్-ఫస్ట్ అనే ఆప్షన్ ఇవ్వాలి. పైథాన్ కోడ్‌ను తనిఖీ చేసే టూల్ రఫ్‌లో ఎన్999 నియమం పైథాన్ మాడ్యూల్ పేర్లు చూస్తుంది. ఇప్పటికే ఉన్న రిపోలో ఢీకొనే పేర్లు ఉన్నాయేమో చూసేదానికి గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ ఇచ్చే జాబితాను సార్ట్ -ఎఫ్‌లోకి, అక్కడినుంచి యూనిక్ -డీఐలోకి పైప్ చేయండి. ఏమీ రాకపోతే శుభ్రంగా ఉన్నట్టు. సీఐలో లినక్స్‌తో పాటు విండోస్ రన్నర్ ఒకటి చేర్చి, దానిచేత కనీసం చెక్‌అవుట్, ఇన్‌స్టాల్ చేయించండి. హుక్స్ తమ మెషీన్‌లో పెట్టుకోని కంట్రిబ్యూటర్లు ఉంటారు కాబట్టి అవే హుక్స్‌ను సీఐలో కూడా అన్ని ఫైళ్ల మీద నడపాలి.